ఢాయి సూత్: లెక్కలంటే పడనివాడి బోధన్ ప్రయాణం

లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. వాటికీ నేనంటే పడదు. ఎస్సెల్సీలో రెండుసార్లు అవే నన్ను ముంచాయి. మూడోసారి గట్టెక్కానంటే అది నా ప్రతిభ కాదు, పేపరు దిద్దిన పుణ్యాత్ముడెవరో ఆ పూట సుష్ఠుగా భోంచేసి కూర్చుని ఉంటాడు. ఆ తర్వాత తెనాలి వదిలి హైదరాబాదు చేరాను. పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు అమ్మే ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళితే, మేనేజరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న "లెక్కలు ఏపాటి వచ్చు?" అని. ఏ కళనున్నానో, నిజం చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు సరికదా, కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"మంచిదేనయ్యా. లెక్కలొచ్చినవాళ్ళు ఆఫీసులో కూర్చుంటారు, రానివాళ్ళు ఊళ్ళమీద పడతారు. ఫీల్డ్ సర్వీసంటే చెయ్యి, చెవి, ముక్కు. చేత్తో పట్టుకో, చెవితో విను, పొగ వాసన చూడు. అంకెలతో నీకు పనే లేదు."

ఇలాంటి ఉద్యోగం భూమ్మీద ఉంటుందని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మూడు వారాలు వర్క్‌షాపులో నట్లు బిగించడం, విప్పడం నేర్పారు. నాలుగో వారం నా చేతికి ఒక పనిముట్ల సంచీ, ఒక ఫారాల కట్ట ఇచ్చారు. సర్వీసు రిపోర్టు అంటారు దాన్ని. నిమిషానికి ఎన్ని చుట్లు, రోజుకు ఎన్ని గంటలు, గంటకు ఎంత నూనె, నిమిషానికి ఎన్ని గ్యాలన్ల నీళ్ళు, వాల్వు సందు మిల్లీమీటర్లలో ఎంత, అన్నీ గడులే. మొత్తం ఎన్ని గడులో లెక్కపెట్టబోయి, సగంలో తప్పిపోయి మానేశాను. అంకెలతో పనిలేని ఉద్యోగానికి అన్ని గడులెందుకో అడుగుదామనుకున్నాను గానీ, కొత్త పెళ్ళికొడుకులాగా నోరు మూసుకున్నాను.

నా మొదటి ప్రయాణం బోధన్‌కు. అక్కడికి దగ్గర పల్లెలో నర్సవ్వ అనే రైతు మా ఇంజన్ కొన్నది. అది నీళ్ళు తోడటం లేదని ఇప్పటికి రెండు ఫిర్యాదులు రాయించింది. మా వాళ్ళు రెండుసార్లు వెళ్ళి లోపలి సామాను మార్చి వచ్చారు. "మూడో ఫిర్యాదు రాకూడదు. రాకపోతే నిన్ను పర్మనెంటు చేస్తాను. వస్తే నువ్వు రానక్కరలేదు" అన్నారు మేనేజరుగారు. ఉద్యోగం పోతే ఎక్కడికి పోవాలో మా అన్నయ్య ముందే ఏర్పాటు చేసి ఉంచాడు. సర్వే ఆఫీసులో గొలుసు లాగి భూమి కొలతలు రాసే కొలువు. ఎకరాలు, సెంట్లు, గుంటలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలే. ఆ కొలువు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

శివరాత్రి వెళ్ళిన వారానికి బయల్దేరాను. ఆ వైపు వెళ్ళనివారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రైల్లో ఎక్కాలు

నిజామాబాదుకు మీటర్ గేజి రైలు. దానికి తొందర తెలియదు. నా ఎదుటి బల్లమీద తెల్ల షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి కూర్చున్నారు. ఉర్దూ మీడియం బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారట. ఏం పాఠాలని అడగడం నా పొరపాటు.

"హిసాబ్" అన్నారాయన.

లెక్కల మాస్టారు! నేను పారిపోతున్నది దేన్నుంచో అదే నాతోపాటు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కింది. ఆయన నన్ను వదల్లేదు. మా కోస్తా పిల్లలు ఒంటి ఎక్కాలు మాత్రమే చదివి చెడిపోయారని ఆయన అభిప్రాయం. తమ వైపు ముప్పావుకు ఒక ఎక్కం, ఒకటింపావుకు ఒకటి, ఒకటిన్నరకు ఒకటి, రెండున్నరకు ఒకటి ఉంటాయట. "పౌనా, సవ్వా, డేఢ్, ఢాయి" అని వేళ్ళు ముడిచి చూపించి, "జర ఇనుండ్రి" అంటూ రెండున్నరో ఎక్కం అందుకున్నారు.

"ఢాయి ఎకం ఢాయి, ఢాయి దూనీ పాంచ్..."

నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. నటన కాస్తా నిజమైపోయి, కామారెడ్డి దాటాక గానీ మెలకువ రాలేదు. ఆయన అప్పటికే దిగిపోయారు. నాకు మిగిలింది ఒక్క ముక్క: ఢాయి అంటే రెండున్నర. అది కూడా ఎందుకు గుర్తుండిపోయిందా అని విసుక్కున్నాను.

ఇందూరు

నిజామాబాదును ఊళ్ళవాళ్ళు ఇందూరనే అంటారు. స్టేషను బయట ఇరానీ హోటల్లో కూర్చుంటే సర్వరు వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"పౌనానా సారు?"

నాకు కంగారు పుట్టింది. ఇక్కడ చాయ్ కూడా ఎక్కాల ప్రకారమే తాగుతారా? ఏదైనా ఫరవాలేదన్నాను. పౌనా అంటే ముప్పావు కప్పు కాదు, డికాక్షన్ దండిగా పోసిన గట్టి చాయ్ అని తాగాక తెలిసింది. పదిహేను నయాపైసలు. మా తెనాలిలో ఆ డబ్బుకు కాఫీ వస్తుంది, దాంతోపాటు హోటలాయన ఉపన్యాసమూ వస్తుంది. ఇక్కడ ఉపన్యాసం లేదు, ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాడు లేడు.

వీధుల్లో ఇంటింటి అరుగుమీదా ఆడవాళ్ళు ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తారు. ఒక అక్క దగ్గర నిలబడి, ఆకుకు ఎంత పొగాకు పోయాలో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"చేతికి తెల్వదా సారు? నువ్వు బువ్వ తినేటప్పుడు ముద్ద తూకమేసి పెట్టుకుంటవా?"

పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా కంపెనీ ఈవిడకు ఫారం ఇస్తే ఏ గడిలో ఏం రాస్తుందో అనుకున్నాను.

మాక్లూరులో నా మొదటి కవిత్వం

మర్నాడు మాక్లూరు వెళ్ళాను. అక్కడ పసుపు రైతు ఒకాయన ఇంజన్ చూడటం నా పని. చూడటమే పని, ఎందుకంటే అది శుభ్రంగా నడుస్తున్నది. కళ్ళంలో ఉడికించిన పసుపు ఆరబోశారు, నా ధోవతి అంచు ఆ పూటకే రంగు తిరిగింది. రైతు నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టించాడు. పచ్చిపులుసు అంటే పొయ్యి ఎక్కని చారు. మా అమ్మ చూస్తే ఇంకా ఎసరు పెట్టనేలేదేమంటుంది. మిట్టమధ్యాహ్నం ఆ ఎండలో మాత్రం దాన్ని మించింది లేదు, రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

తిన్నాక ఫారం తీశాను.

"రోజుకు ఎన్ని గంటలు నడుపుతారు?"

"పొద్దు గా మామిడిచెట్టు మీదికి వచ్చేదాక."

"గంటకు నూనె ఎంత తాగుతుంది?"

"తాగినంత పోస్త సారు. దూపైనప్పుడు పసురానికి కొలిసి పెడ్తమా?"

ఇంకెన్ని అడిగినా ఇంతే. నాకూ ఊపొచ్చింది. చెట్టుకింద మంచం మీద బోర్లా పడుకుని గడులన్నీ నేనే నింపేశాను. ఎక్కడా గుండు సున్నా పెట్టలేదు, అనుమానం వస్తుందని. ప్రతి అంకె పక్కన ఒక చుక్క, చుక్క పక్కన ఇంకో అంకె పెట్టాను. చుక్క పెడితే అబద్ధానికి ఎంత పరువొస్తుందో ఆ రోజే తెలిసింది. లెక్కలంటే భయం పోవాలంటే వాటిని సొంతంగా పుట్టించుకోవడమే మార్గమని, ఈ సంగతి ఎస్సెల్సీ ముందే తెలిస్తే బాగుండేదని అనిపించింది.

బోధన్

జానకంపేట దగ్గర చిన్న రైలు మారి బోధన్ చేరాలి. ఊరు కనబడకముందే వాసన వస్తుంది. చక్కెర కార్ఖానా మడ్డి వాసన, తీపి పులిసినట్టుంటుంది. మొదటి గంట ముక్కు మూసుకున్నాను, రెండో గంటకు అలవాటైంది, మూడో గంటకు ఆకలేసింది. కార్ఖానా దారి పొడవునా చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎద్దులు చెరుకాకు నములుతున్నాయి, బండివాళ్ళు బండ్లకింద దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. ఎప్పుడొచ్చారని ఒకర్ని అడిగితే "మొన్న" అన్నాడు, ఎప్పుడు లోపలికి పోతారంటే "తెల్వది" అన్నాడు. బజారులో ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ ఒకే మనిషి నోట్లోంచి వస్తాయి.

నర్సవ్వ ఊరికి దారి అడుగుదామని, గుర్రబ్బండ్ల అడ్డా దాటాక ఒక రేకుల దుకాణం ముందు ఆగాను. బోర్డు లేదు. గుమ్మం పక్కన విరిగిన పెద్ద ఇనుపచక్రం ఆనించి ఉంది. లోపల యాభై ఏళ్ళ మనిషి, గళ్ళ లుంగీ, చేతులకు మోచేతుల దాకా నూనె. పేరు ఖాజా మియా. చెరుకు గానుగలు, ఇంజన్లు బాగుచేస్తాడు. నా సంచీ మీద కంపెనీ పేరు చూడగానే నవ్వాడు.

"నర్సవ్వ ఇంజన్ కోసమా సాబ్? నేను గూడ రావాల్నంటదా, వద్దంటదా మీ కంపెనీ?"

కంపెనీ వద్దనే అంటుంది. బయటివాళ్ళు చెయ్యి పెడితే గ్యారంటీ పోతుందని ఫారం కిందే అచ్చేసి ఉంది. ఆ మాట చెప్పాను.

"మంచిగున్నది. అయితే నేను చెయ్యి పెట్ట, ఊకె వచ్చి చాయ్ తాగుత" అని చొక్కా తొడుక్కున్నాడు.

బాయికాడ

నర్సవ్వకు అరవై ఏళ్ళుంటాయి. చేతికి వెండి కడియాలు, నోట్లో ఆకు. నన్ను చూసి ఏమాత్రం సంతోషించలేదు.

"ఒగడొచ్చి పిస్టను మార్చిండు. ఇంకొగడొచ్చి రింగులు మార్చిండు. నువ్వేం మారుస్తవ్ బిడ్డా? సెరుకే మారుస్తవా?"

నూతి వెనక మూడెకరాల చెరుకు. కాలువ నీళ్ళు ఆవిడ పొలం దాకా అందవు. నూతి నీళ్ళే దిక్కు. ఆకుల కొసలు అప్పటికే మాడి చుట్టుకుపోయాయి. ఇంకో పది రోజులు నీళ్ళు ఎక్కకపోతే పంట పొయ్యిలోకే. ఆవిడ ఆ మాట కోపంగా అన్నది గానీ, అంటూనే మాడిన ఆకొకటి చేత్తో విప్పి సాపు చేస్తున్నది. నా పర్మనెంటు ఉద్యోగం ఆ క్షణంలో నాకు కాస్త చిన్నదిగా కనిపించింది. కాస్తే. పూర్తిగా కనిపించలేదు, అబద్ధం ఎందుకు.

ఇంజన్ స్టార్టు చేశాను. వెంటనే అందుకుంది, చప్పుడు బావుంది. నీళ్ళూ వచ్చాయి. నర్సవ్వ నా మీద అభిప్రాయం మార్చుకోబోతుండగా ఇంజన్‌కూ పంపుకూ మధ్య తిరిగే బెల్టు ఫట్‌మని పక్కకు జారి కింద పడింది. నీళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ పడింది. నాలుగోసారి నా టోపీని వెంటబెట్టుకుని నూతిలో పడింది. బెల్టును తీశారు. టోపీ ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను కంపెనీ ఇచ్చిన ఇంజన్ పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చూడటం మొదలుపెట్టాను. చుట్లు సరిగ్గా ఉండాలి, సందు సరిగ్గా ఉండాలి, వేడి సరిగ్గా ఉండాలి. అన్నీ కొలిచేసరికి పొద్దు దిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పుస్తకం ప్రకారం నర్సవ్వ పొలంలో నీళ్ళు పారుతున్నాయి.

ఖాజా మియా అన్నమాట ప్రకారం దేనిమీదా చెయ్యి పెట్టలేదు. నర్సవ్వ ఇచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని, ఆ సాసరును ఇంజన్ కూర్చున్న సిమెంటు గద్దె మీద పెట్టి, వంగి చూస్తూ ఉండిపోయాడు.

"సాబ్, జర ఇటు రాండ్రి. చాయ్ సూడుండ్రి."

చూశాను. సాసర్లో చాయ్ ఒక అంచుకు ఎక్కింది, రెండో అంచు దగ్గర పింగాణీ తేలింది.

"ఇంజన్ బేమార్ లేదు సాబ్. జమీన్ కుంగింది. రేగడి భూమి. వానలకు ఉబ్బింది, ఎండకు పగిలింది, గద్దె ఒక దిక్కు కూసున్నది. ఇంజన్ ఒరిగినంక బెల్టెట్ల నిలుస్తది?"

రెండుసార్లు మా కంపెనీ మనుషులు వచ్చారు. ఇంజన్ పొట్ట విప్పి కొలిచారు. నేను మూడోవాణ్ణి. మాలో ఎవరమూ నేలను చూడలేదు. ఎలా చూస్తాం? ఫారంలో నేలకు గడి లేదు.

దారం

మర్నాడు పొద్దున్నే ఖాజా మియా కుంగిన వైపు బోల్టులు వదులు చేయించి, కర్ర చెక్కలు కొట్టి ఇంజన్‌ను కొద్దికొద్దిగా లేపించాడు. ఈసారి సాసరును ఇంజన్ మీదే పెట్టాడు, ప్రతి దెబ్బకూ వంగి దాన్ని చూస్తాడు. చాయ్ నాలుగు అంచులకూ సమంగా నిలిచాక "బస్" అన్నాడు. ఇంజన్ కింద ఏర్పడిన సందులో బొటనవేలి గోరు పెట్టి చూసి నాతో అన్నాడు:

"ఢాయి సూత్. సాబ్, మీరు సైకిల్ మీద బజార్ల కెళ్ళి ఢాయి సూత్ పట్టుకరాండ్రి. మంచిది, గట్టిది తేండ్రి."

నేను ఎగిరి గంతేశాను. ఢాయి నాకు తెలుసు! రైల్లో మాస్టారు పెట్టిన భిక్ష. సూత్ కూడా తెలుసు, సూత్ అంటే నూలు దారం, హైదరాబాదులో బట్టల కొట్టువాళ్ళు అంటుంటే విన్నాను. దారంతో ఏం చేస్తాడని అడిగితే నా తెలివితక్కువతనం బయటపడుతుందని అడగలేదు. ఇంజన్ కాళ్ళకు చుట్టి బిగిస్తాడు కాబోలు అనుకున్నాను. బజారులో కోమటాయన "రెండున్నర ఏంది సారు, గజాలా మూరలా?" అంటే, గజాలే ఇమ్మన్నాను. గట్టిది, మంచిది, పరుపులు కుట్టే దారం. నాలుగుసార్లు లాగి చూసి మరీ తీసుకున్నాను.

ఎండలో తిరిగొచ్చి దాన్ని ఖాజా మియా చేతిలో పెట్టాను. ఆయన దారాన్ని చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ దారాన్ని చూశాడు. నవ్వలేదు. అంత మర్యాదస్థుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నర్సవ్వకు మాత్రం అంత ఓపిక లేదు.

"ఏందిరా ఖాజా, ఇంజన్‌కు మొలతాడు గడ్తున్నవా?"

అప్పుడు నవ్వాడు. కూలికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. చెరుకు తోటలోంచి కూడా ఎవరో నవ్వారు, వాళ్ళకు సంగతేమిటో తెలియదు కూడా.

సూత్ అంటే మేస్త్రీల కొలత. అంగుళంలో ఎనిమిదో వంతు. ఢాయి సూత్ మందం ఇనుప పట్టీ కావాలన్నాడాయన. ఇందులో నవ్వులాట ఏమిటంటే, మా తెనాలి వడ్రంగులు ఇదే కొలతను నూలు అంటారు. "రెండు నూళ్ళు చెక్కు" అంటుంటే నేను పుట్టినప్పటి నుంచీ విన్నాను. రెండు వైపులా దారమే కొలత. ఇన్నేళ్ళూ అదేదో అంకెల వ్యవహారంలే అని నేనే చెవులు మూసుకున్నాను. పుస్తకం మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది, నా సంచీలో పానాలు అంగుళాల్లో ఉన్నాయి, మేస్త్రీలు దారాల్లో మాట్లాడతారు, నేను ఏ భాషా రాకుండా సర్వీసుకు బయల్దేరాను. నా మీద నాకే సిగ్గేసింది.

ఖాజా మియా నా భుజం మీద నూనె చెయ్యి వేశాడు. ఆ మరక కూడా పోలేదు.

"పరేషాన్ గాకు సాబ్. దారం గూడ పనికొస్తది" అని, దాని కొసకు ఒక నట్టు కట్టి వేలాడదీసి, ఇంజన్ చక్రం నిలువుగా ఉందో లేదో చూశాడు. అది అవసరమై చేశాడో, నా పరువు కోసం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకోసారి నన్ను కొట్టుకు పంపకుండా, ఆయన దుకాణంలో ఉన్న పాత పట్టీనే తెచ్చి పెట్టాం. ఇంకా వెంట్రుకవాసి సందు ఉందన్నాడు. జేబులోంచి బీడీ తీసి, ఆకు విప్పి ఆ సందులో దూర్చి చూశాడు. "ఒక్క ఆకు" అని, బిస్కట్ల డబ్బా మూత కత్తిరించి ఆకంత పలచటి రేకు ముక్క వేశాడు. కాయితాలు ముట్టకుండా, గుణించకుండా, భాగించకుండా. మేనేజరుగారు చెప్పిన ఉద్యోగం నిజంగానే ఉంది, చెయ్యి, చెవి, ముక్కు. అది చేసే మనిషికి మాత్రం ఆ ఉద్యోగం లేదు.

ఇంజన్ నడిచింది. బెల్టు పడలేదు. నీళ్ళు కాలువలోకి దూకి, మట్టిని నల్లగా తడుపుకుంటూ చెరుకు మొదళ్ళలోకి పోయాయి. నర్సవ్వ వాటి వెంటే నడుచుకుంటూ పోయింది, చివరి మడి దాకా. తిరిగొచ్చేసరికి కాళ్ళు మోకాళ్ళ దాకా బురద, ముఖం వేరే మనిషి ముఖం.

నేను ఫారం తీశాను. "అవ్వా, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు వస్తున్నాయో రాయాలి."

"నిమిషమంటే ఎంతసేపు బిడ్డా?"

ఫారం తిరగేసి చూశాను, అందులో లేదు.

"నీల్లు గా మూల మడి దాక వోయినయి. గింతకంటె ఎక్కువ ఏం గావాలె మీ కంపెనీకి? రాసుకో."

వేలిముద్ర వేసి, నాకూ ఖాజాకూ మక్క గారెలు పెట్టింది.

కందకుర్తి

మర్నాడు ఫారం పూర్తి చేయడానికి కందకుర్తి పోయాను. అంటే, గోదావరి మంజీర కలిసేచోటు చూద్దామని పోయాను, ఫారం సాకు. అవతలి గట్టునుంచి వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు స్నానాలు చేసి, తడి చీరలు రాళ్ళమీద ఆరేసుకుంటున్నారు. నీళ్ళు ఎంత లోతని పడవవాణ్ణి అడిగితే "మొలలోతు ఒక కాడ, నిలువు ఒక కాడ" అన్నాడు. అతనికీ ఫారం ఇవ్వలేదన్నమాట.

రాతిమీద కూర్చుని మాక్లూరులోలాగే అంకెలు పుట్టిద్దామని కలం తీశాను. రాలేదు. చుక్క పెట్టబోతే నర్సవ్వ ముఖం గుర్తొచ్చింది. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. వాల్వు అన్నమాట కొట్టేసి, మిగిలిన సందు గడిలో: బీడీ ఆకు మందం. నీళ్ళ గడిలో: మూల మడి దాకా. గద్దె సంగతికి గడి లేదు కాబట్టి పక్కన గీత గీసి: నేల కుంగింది, ఢాయి సూత్ పట్టీ వేయడమైనది, సాసర్లో చాయ్‌తో సరిచూడటమైనది. మరమ్మతు చేసినవారి పేరు అనే గడిలో: ఖాజా మియా, బోధన్. రాశాక సర్వే ఆఫీసు గొలుసు చప్పుడు వినిపించింది. అయినా కొట్టెయ్యలేదు. జీవితంలో నేను సరిగ్గా రాసిన పరీక్ష పేపరు అదొక్కటే.

తిరిగి ఆఫీసులో

మేనేజరుగారు ముందు మాక్లూరు ఫారం చూశారు. "శభాష్! ఎంత వివరంగా కొలిచావయ్యా!" అన్నారు. తర్వాత బోధన్ ఫారం తీశారు. చాలాసేపు చదివారు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"బాగైందా ఇంజన్?"

"బాగైందండీ."

"మూడో ఫిర్యాదు రాదుగా?"

"రాదండీ."

ఆయన ఎర్ర సిరా కలం తీసి బీడీ ఆకు కొట్టేసి, క్షణం ఆలోచించకుండా ఒక అంకె, ఒక చుక్క, ఇంకో అంకె రాశారు. మూల మడి దాకా కొట్టేసి గ్యాలన్లు రాశారు. ఆ వేగం చూసి నాకు మతిపోయింది. నేను మాక్లూరులో చెమటోడ్చి పుట్టించిన విద్య ఆయనకు వెన్నతో పెట్టినట్టుంది. ఈ ఆఫీసులో లెక్కలు వచ్చినవాడు ఎవడూ లేడని, అందరం ఎస్సెల్సీ ఒకే తీరున గట్టెక్కినవాళ్ళమేనని అర్థమైంది.

"పైవాళ్ళకు అంకె కనబడాలి. అది ఏ అంకె అని వాళ్ళూ అడగరు" అన్నారు.

కలం చివరి గడి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈ ఖాజా మియా ఎవరు?"

"అక్కడి మేస్త్రీ అండీ. పని చేసింది ఆయనేనండీ. మన కంపెనీలో తీసుకుంటే..."

"ఎస్సెల్సీ పాసయ్యాడా?"

నేను మళ్ళీ క్యాలెండరు వైపు చూశాను.

"ఈ పేరుంటే ఆ ముసలమ్మ గ్యారంటీ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. ఉంచమంటావా?"

ఉంచమనాలి. గదిలో ఫ్యాను తిరుగుతున్నది, ఆయన కలం ఎత్తి పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నారు. నర్సవ్వ గ్యారంటీ కోసం నోరు మూసుకున్నానని చెప్పుకోవచ్చు, చాలామందికి అలాగే చెప్పాను కూడా. అది నిజం కాదు. నా ఉద్యోగం కోసమే మూసుకున్నాను. ఆయన ఎర్ర గీత కొట్టి, పైన నా పేరు రాసి, అక్కడే పర్మనెంటు కాయితం మీద సంతకం చేసి ఇచ్చారు. నేను రెండు చేతులతో తీసుకుని దణ్ణం పెట్టాను.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బోధన్‌లో మీ బండి గానీ, గానుగ గానీ, ఇంజన్ గానీ మొరాయిస్తే మా కంపెనీకి ఉత్తరం రాయకండి. మేము వస్తాం, కొలుస్తాం, పోతాం. స్టేషను దిగి బజారు దారిలో గుర్రబ్బండ్ల అడ్డా దాటాక రేకుల దుకాణం ఉంటుంది. లోపలికి వెళ్ళి ఖాజా మియా అని అడగండి. చాయ్ ఇస్తాడు, తాగండి. నేను పంపించానని మాత్రం చెప్పకండి.